పెంట ఫోల్డరు

నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి. ప్రిన్సిపాల్ రవికుమార్ ఆ మాట చెప్పి అప్పటికి పన్నెండు రోజులైంది. సీతారాం మేస్టారు రోజూ పొద్దున్నే పదింటికి వచ్చి తాళం తీస్తాడు, కుర్చీలో కూలబడతాడు, చుట్టూ ఉన్న బీరువాల వైపు చూసి రేపు మొదలుపెడదాం అనుకుంటాడు. పన్నెండు రేపులు అలాగే గడిచిపోయాయి.

టెక్కలి నుంచి నౌపడ పోయే రోడ్డు మీద ఉన్న ఆ డిగ్రీ కాలేజీలో, మేడ మీద చివరి గది 'సుస్వరవాణి'. కాలేజీ వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ కోసం నడిపే రేడియో. గాలి అనుకూలంగా ఉంటే పూండి అవతల కొబ్బరితోటల దాకా వినిపించేది, లేకపోతే కాంపౌండు గోడ దాటడానికే ఆపసోపాలు పడేది. ఉప్పుమడుల మీంచి వచ్చే గాలికి డాబా మీది స్తంభం తుప్పుపట్టి ఎర్రబడింది. 'సుస్వరవాణి' అని పేరు పెట్టింది సీతారామే. ఊళ్ళల్లో ఒక్కరికీ నోరు తిరగలేదు. కొందరు 'సుసరోణి' అన్నారు, మిగతావాళ్ళు ఆ గొడవంతా ఎందుకని 'కాలేజీ రేడియో' అనేశారు. పదమూడేళ్ళుగా ఆయన్ని సలుపుతున్న ముల్లు అది.

ఆయన ఆ కాలేజీలో తెలుగు లెక్చరరు. రిటైరై నాలుగేళ్ళైనా రేడియో మాత్రం ఆయన మెడకే ఉండిపోయింది, ఇంకెవరూ చెయ్యి చాపలేదు కాబట్టి. ఇప్పుడు లైసెన్సు గడువు తీరిపోయింది. మళ్ళీ దరఖాస్తు పెట్టే ఓపిక యాజమాన్యానికి లేదు. అందరి చేతుల్లో ఫోన్లుండగా రేడియో ఎవరిక్కావాలి, గదిలో కంప్యూటర్లు పెట్టుకుంటాం అన్నారు. సీతారాం వాదించలేదు. వాదించడానికి కూడా కొంత నమ్మకం మిగిలుండాలి.

గది వదిలేలోపు చెయ్యమని ఆయనకి రెండు పనులు అప్పజెప్పారు. ఒకటి, కాలేజీ సావనీరు కోసం పది పేజీల్లో 'సుస్వరవాణి చరిత్ర' రాయడం. రెండోది, రికార్డుల సంగతి తేల్చడం. పద్నాలుగు వందల పైచిలుకు కార్యక్రమాలు ఐదు హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు ఉత్తరాంధ్ర మాటల మీద పరిశోధన చేస్తున్నారట, పనికొస్తాయనుకుంటే తీసుకుని భద్రం చేస్తారట. వద్దంటే ఆ డిస్కులు కూడా విరిగిన బెంచీలతో పాటు పాతసామాన్ల లారీ ఎక్కుతాయి. పదమూడేళ్ళ పని మిగలడమా, ఊడ్చుకుపోవడమా అన్నది ఆ ఒక్క ముక్క మీద ఆగింది.

చరిత్ర రెండో పేజీలోనే ఇరుక్కుపోయింది. 'స్థాపించబడినది', 'శ్రోతల మన్ననలు చూరగొన్నది' అని రాశాక ఆ తరవాత ఏం చేసిందో ఆయనకు తోచడం లేదు.

పదమూడో రోజు విశ్వవిద్యాలయం నుంచి చందన అనే అమ్మాయి వచ్చింది. పరిశోధక విద్యార్థిని. సొంతూరు ఇచ్ఛాపురం. మెట్లెక్కి రొప్పుతూ, "ఏటి సార్, ఈ ఎండలో మూడో అంతస్తులో ఎట్టినారు రేడియో!" అని పలకరించింది. సీతారాం గతుక్కుమన్నాడు. అంత చదువుతున్న పిల్ల, విశ్వవిద్యాలయంలోనూ ఇలాగే మాట్లాడుతుందా? మాట్లాడుతుందట. అడిగితే నవ్వేసింది.

సీతారాం తనకిష్టమైన కార్యక్రమాలు ఏరి పెట్టాడు. రైతులు, ఉప్పు కార్మికులు, జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు, చేపలవాళ్ళు. చందన చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని మధ్యాహ్నం దాకా వింది. మొదట నోట్సు రాసుకుంది. తరవాత పెన్ను మూసేసింది. ఆమె పెన్ను మూయడం సీతారాం చూశాడు, చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

"సార్, ఇవన్నీ మళ్ళీ చెప్పించినవా?"

"ఒకటికి రెండుసార్లు సాధన చేయించేవాళ్ళం. స్పష్టత కోసం."

ఆమె హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకుంది. నొప్పించకుండా ఎలా చెప్పాలా అని వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది. చివరికి మామూలుగానే చెప్పేసింది.

"అందరూ ఒక్క మనిసే మాటాడినట్టున్నారు సార్."

సీతారాం నీరుగారిపోయాడు. ఆ ఒక్క మనిషి ఎవరో ఆమె చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. శుక్రవారం దాకా టెక్కలిలో పిన్నిగారింట్లోనే ఉంటానని, ఇంకేమైనా దొరికితే ఫోన్ చెయ్యమని చెప్పి మెట్లు దిగిపోయింది.

అంతసేపూ మూల స్టూలు మీద కూర్చుని వైర్లు చుడుతున్న అసిరయ్య అప్పుడు లేచాడు. పలాస మనిషి. మొదటి రోజునుంచీ రికార్డింగు, కోతలు, అతుకులు అన్నీ అతనివే.

"సార్, కోపమొత్తాదని ఇన్నాళ్ళూ సెప్పనేదు. ఆ యమ్మకి కావలసినవి ఉన్నాయి."

"ఏవి?"

"మీరు సెరిపీమన్నవి."

సీతారాంకి మొదట అర్థం కాలేదు. అసిరయ్య పాత కంప్యూటరు తెరిచాడు. లోపల ఎక్కడో, లెక్చరర్లెవరూ వేలు పెట్టని చోట, ఇంగ్లీషు అక్షరాల్లో 'పెంట' అని రాసి ఉన్న ఫోల్డరు. అందులో ఆరువందల పదకొండు రికార్డులు.

"ఇదేం పేరయ్యా?"

"పనికిమాలినవి అన్నారు గదా సార్ మీరు. అందుకని."

"పనికిమాలినవి దాచడమెందుకు మరి?"

అసిరయ్య కాస్త నొచ్చుకున్నట్టే చూశాడు. "పెంట పారబోసుకోం గదా సార్. ఎండాకాలం బండికెత్తి పొలానికి తోలుకుంటాం. అదీగాక, మనిసి మాటాడతంటే మజ్జిలో సెరిపీడానికి నాకు సెయ్యి రానేదు."

తనొక్కడే వింటానని సీతారాం అతన్ని టీకి పంపేశాడు.

మొదటిది నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే ముసలాయనది. "ఉప్పు పండించడవంటే ఏటనుకున్నావు బాబూ..." అని గొంతు నిండుగా అందుకున్నాడు. వెంటనే ఇంకో గొంతు అడ్డొచ్చింది. "ఏటి కాదు, ఏమిటి. మళ్ళీ చెప్పండి." ముసలాయన మళ్ళీ మొదలెట్టాడు, ఈసారి గొంతు చిన్నదైంది. "మళ్ళీ చెప్పండి." మూడోసారికి ఉప్పు గురించి ఆయనకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. 'ఉప్పు మనకు ఎంతో అవసరము' అన్నాడు. అదే ప్రసారమైంది.

ఇంకోటి విన్నాడు. ఇంకోటి. ఊళ్ళు మారాయి, పంటలు మారాయి, మనుషులు మారారు. మారనిది ఆ అడ్డొచ్చే గొంతొక్కటే. తన గొంతు అలా ఉంటుందని సీతారాంకి తెలీదు. కసురుకుంటే బాగుండేది. ఎక్కడా కసరలేదు, చాలా మర్యాదగా ఉంది. ఆ మర్యాదే వినలేకపోయాడు.

నలభై రెండో రికార్డు బొడ్డమ్మది. పూండి దాటాక సముద్రం వైపు ఊరు. తిత్లీ తుపాను వచ్చిపోయిన నెలకి తీసుకున్నది. ఆ రోజు ఆయనకు బాగానే గుర్తుంది. ప్రసారమైన ముక్క ఇంకా బాగా గుర్తుంది. 'తుపాను వలన మా తోటలోని కొబ్బరి చెట్లు నేలకూలినవి. మిక్కిలి నష్టము వాటిల్లినది.' ఆ వాక్యం ఆయనే కట్టాడు. అప్పట్లో గర్వపడ్డాడు కూడా. కానీ దానికి ముందు ఆవిడ చెప్పింది ఇది.

"అలగిలగ గాలి గాదు బాబూ. రాత్తిరల్లా నానూ మా కోడలూ తలుపుకి ఈపులానించి నిలబడిపోనాం. తెల్లారి తలుపు తీత్తే తోట నేదు. ఆకాసం ఉంది. అంత ఆకాసం నానెప్పుడూ సూడనేదు బాబూ, బయమేసింది. మా అత్త సెట్టు పోనాది. మా మరిది సెట్టు పోనాది. పెల్లయి నానొచ్చిన ఏడు పాతిన సెట్టు, నా సెట్టు, అది ఇరగనేదు. ఒంగిపోయొచ్చి ఇంటి మీద తల ఎట్టుకుంది. దాన్ని సూత్తే ఏడుపొచ్చీసింది. ఇంకేటి సేత్తాం..."

"ఏటి కాదమ్మా, ఏమిటి. మళ్ళీ చెప్పండి."

రికార్డులో అక్కడ కాస్త నిశ్శబ్దం. కాకి ఒకటి అరిచింది. ఆవిడ రెండోసారి చెప్పింది, అత్త చెట్టు లేకుండా. మూడోసారి చెప్పింది, ఆకాశం లేకుండా. ఆ తరవాత అలిసిపోయిన గొంతుతో, "నాకలగ సెప్పడం రాదు బాబూ. గాలొచ్చిందని నువ్వే రాసీసుకో" అంది.

సీతారాం హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. ఏడవాలనిపించింది గానీ దానికీ ఓపిక లేకపోయింది.

నలభై ఏళ్ళ కిందట ఎమ్మేలో చేరడానికి సోంపేట నుంచి విశాఖపట్నం వెళ్ళాడు. మొదటి రోజు క్లాసులో ప్రొఫెసరుగారు ఎవరితో వచ్చావు బాబూ అని అడిగితే, "నానొక్కణ్ణే వచ్చినానండి" అన్నాడు. గది గదంతా ఘొల్లుమంది. ఆ తరవాత రెండేళ్ళూ హాస్టల్లో ఆయన పేరు సీతారాం కాదు, 'నానొక్కణ్ణే'. మెస్సులో పిలిచారు, బస్టాపులో పిలిచారు. ఒక్కడూ కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, తన నోటిని తనే కడుక్కున్నాడు. తన వైపు మనుషుల్ని చూసి మళ్ళీ ఎవరూ అలా నవ్వకూడదనే కదా ఇదంతా చేసింది! కాపాడుతున్నాననే అనుకున్నాడు. నవ్విన వాళ్ళ పనిని పదమూడేళ్ళు తనే చేసిపెట్టాడని ఇప్పుడు అరవై రెండేళ్ళ వయసులో తెలిసింది. తెలిసి ఏం చేసుకోవాలి?

అసిరయ్య టీ తెచ్చి పక్కన పెట్టాడు. అడగకుండానే అన్నాడు, "మీ గొంతు కత్తిరించీసి ఇచ్చీగలను సార్. గంటలో పని. మీరున్నట్టే తెలీదు."

సీతారాం ఆశపడ్డాడు. అబద్ధమెందుకు, బాగానే ఆశపడ్డాడు. పెంట ఇవ్వకపోతే సుస్వరవాణి లారీ ఎక్కుతుంది. ఉన్నదున్నట్టు ఇస్తే మిగులుతుంది గానీ అందులో కలకాలం మిగిలేది 'మళ్ళీ చెప్పండి' అనే తన గొంతు. కత్తిరించి ఇస్తే రెండూ దక్కుతాయి. టీ చల్లారిపోయేదాకా ఆలోచించాడు.

"వద్దులే. వాళ్ళు మధ్యలో ఎందుకాగిపోయారో వినేవాళ్ళకి తెలియాలి కదా" అన్నాడు.

సాయంత్రం ఇంటికెళ్తే భార్య కామేశ్వరమ్మ మంచినీళ్ళిచ్చి ఎదురుగా నిలబడింది. ఆయనతో మాట్లాడేముందు ఒక్క క్షణం ఆగి, మాట సరిచూసుకుని, అప్పుడు పెదవి కదపడం ఆవిడ అలవాటు. పెళ్ళైన దగ్గరనుంచీ అంతే. మర్యాద అనుకున్నాడు ఇన్నాళ్ళూ. వంటింట్లో ఫోన్లో చెల్లెలితో మాట్లాడేటప్పుడు ఆవిడ ఎక్కడా ఆగదని ఆ రోజే గమనించాడు.

తెల్లారి చందనకి ఫోన్ చేసి గదికి పిలిపించి, ఓ పాతిక రికార్డులు వినిపిస్తే ఎగిరి గంతేసినంత పనిచేసింది. అయితే రెండు కోరికలు కోరింది. బతికున్నవాళ్ళ దగ్గర అంగీకార పత్రం మీద సంతకం తీసుకోవాలి. వీలైతే వాళ్ళలో కొందరిని మళ్ళీ మాట్లాడించి కొత్తగా రికార్డు చెయ్యాలి, అప్పటికీ ఇప్పటికీ మాట ఎలా మారిందో చూడ్డానికి. "ముందు ఆ కొబ్బరిసెట్ల అమ్మని పట్టుకోండి సార్" అంది.

మర్నాడు అసిరయ్య బండి మీద బయల్దేరారు. ఉప్పుమడులు దాటి, పూండి దాటి, ఇసక తోవలో పడ్డారు. తోటలు మళ్ళీ లేస్తున్నాయి. మనిషెత్తు మొక్కల మధ్య అక్కడక్కడ ఒక పాత చెట్టు వంకరగా నిలబడి ఉంది. దారి పొడుగునా సీతారాం ఆవిడతో చెప్పాల్సిన మాటలు కూడగట్టుకుంటూనే ఉన్నాడు. తప్పు నాది అని చెప్పాలి. మీరు చెప్పిందే బాగుందని చెప్పాలి. ఒక మనిషి దగ్గరైనా ఈ తప్పు దిద్దుకుంటే చాలు, ఆ చరిత్ర మూడో పేజీ రాయగలను అనుకున్నాడు.

బొడ్డమ్మ అరుగు మీద కూర్చుని జీడిపప్పుకి పొట్టు తీస్తోంది. చూడగానే గుర్తుపట్టింది.

"ఓలమ్మో! రేడియో బాబు గదేటి! అలగ సిక్కిపోనావేటి బాబూ? కూకోండి, కూకోండి. ఒలే కోడలా, మంచినీల్లట్టుకురా! మీ రేడియో ఇనబడ్డం మానీసిందేటి? సెడిపోనాదేమో అనుకున్నాం."

"మూసేశారమ్మా."

"మూసీసినారా! అయ్యో. సాయంత్రం పూట పాటలొచ్చీవి గదా. మా కోడలు దాన్నెట్టుకునే అంట్లు తోమీది."

కొత్తచెట్ల గురించి చెప్పింది, కోడలి మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది, బోరునీళ్ళ గురించి చెప్పింది. మాట ఎక్కడా తడుముకోలేదు. సీతారాంకి ఊపిరాడింది. ఇదే, ఇదే కావాలి. కాగితం సంగతి చెబితే ఆవిడ కొంగుకి చేతులు తుడుచుకుని, పెన్ను గట్టిగా పట్టుకుని, పేరు రాసి ఇచ్చింది. సీతారాం అసిరయ్యకి సైగ చేశాడు. అసిరయ్య చేతి రికార్డరు తీసి అరుగు మీద పెట్టి మీట నొక్కాడు. చిన్న ఎర్రదీపం వెలిగింది.

"అమ్మా, ఆ తుపాను రోజు సంగతి మళ్ళీ ఓసారి చెప్తారా?"

బొడ్డమ్మ పప్పు చేట పక్కకు జరిపింది. కొంగు సర్దుకుంది. నిటారుగా కూర్చుని, బడిపిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నమస్కారము. నా పేరు బొడ్డమ్మ. తుపాను వలన మా తోటలోని కొబ్బరి చెట్లు నేలకూలినవి. మిక్కిలి నష్టము వాటిల్లినది."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. చెప్పి, ఆయన ముఖంలోకి ఆశగా చూసింది.

"ఈపాలి బాగా వచ్చింది గదా బాబూ? ఆయాల నానొట్టి తప్పులు సెప్పీసి నిన్ను కట్టపెట్టీసినాను. మళ్ళీ వత్తావని పిక్కలొలిసినప్పుడల్లా అనుకుంతానే ఉన్నాను. ఆరేళ్ళు."

అసిరయ్య తల దించుకున్నాడు. సీతారాం అరుగు మీద ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"అలా కాదమ్మా. మీ మాటల్లో చెప్పండి."

"ఇయి నా మాటలే బాబూ. నువ్విచ్చినవే గదా."

"ముందు చెప్పారు చూడండి, మీ అత్త చెట్టు, ఆకాశం చూసి భయమేసిందన్నారు..."

"అవన్నీ తప్పులు బాబూ." సిగ్గుగా నవ్వింది. "నువ్వే సెప్పినావు గదా."

కూడగట్టుకొచ్చిన మాటలన్నీ ఎటుపోయాయో, ఒక్కటీ నోటికి రాలేదు. నలభై ఏళ్ళ కిందట సోంపేటలో ఒగ్గేసి వెళ్ళిన నోరొకటి అడుగున ఎక్కడో ఉన్నట్టుంది, అదే వచ్చింది.

"నేదమ్మా, నేదు. అందులో తప్పేటీ నేదమ్మా. నాను సెప్పిందే తప్పు. ఏటీ తప్పు నేదు..."

బొడ్డమ్మ కంగారుగా ఎర్రదీపం వైపు చూసింది. చదువుకున్న మేస్టారు మిషను ముందు పరువు పోగొట్టుకుంటున్నాడు. ముందుకి వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, చాలా మర్యాదగా ఆయన చెవి దగ్గర చెప్పింది.

"ఏటి గాదు బాబూ. ఏమిటి. మిసను ఇంటంది, మళ్ళీ సెప్పు."

సీతారాం ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కళ్ళల్లో వెక్కిరింత కాస్తయినా లేదు, ఉత్త దయ. కాపాడుతోంది.

"ఏమిటి" అన్నాడు.

బొడ్డమ్మ తృప్తిగా తలూపి, చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.